కేబులు తీగ – ఇంటి లెక్క

ఇంటిలోని వినోదమునకు వెల చెల్లించుట మనకు క్రొత్త కాదు. రేడియో పెట్టె గల ప్రతి గృహస్థుడును ఏటేటా తపాలా కార్యాలయమునకు పోయి, లైసెన్సు రుసుము చెల్లించి, చిన్న పుస్తకములో బిళ్ళ అంటించుకొని వచ్చిన కాలము మన యిండ్లలోని పెద్దలకు జ్ఞాపకముండియే యుండును. 1980లలో ఆ లైసెన్సు రద్దయినది. రుసుము పోయినందుకు విచారించినవారు లేరు. కాని ఆ పుస్తకములో ఒక సుగుణముండెడిది. పాటకును మాటకును ఈ యింట ఏడాదికి ఎంత వ్యయమగుచున్నదో ఒక్క పుటలో కనబడెడిది. నేడు అదే ప్రశ్న అడిగినచో వెంటనే సమాధానము చెప్పగల యింటి యజమానులు మిక్కిలి తక్కువ. కేబులుకు కొంత, ఇంటర్నెట్టుకు కొంత, నాలుగు ఫోనులకు నాలుగు రీఛార్జీలు, ఆపైన ఓటీటీలను పేర పిలుచుచున్నవానికి కొంత. ఏది ఏ తేదీన పోవుచున్నదో బ్యాంకువారు పంపు సందేశము వచ్చువఱకు తెలియదు.

ఈ విషయమును గూర్చి ముచ్చటింపవలెనను తలంపు మాకు కలిదిండిలో కలిగినది. కొల్లేటి సీమలో కలిదిండి పాత ఊరు. రాజరాజనరేంద్రుని తామ్రశాసనములలో ఒకటి ఈ ఊరి పేరుతోనే చరిత్రకారులకు పరిచితము. 2022లో జిల్లాల పునర్విభజన జరిగినప్పుడు కృష్ణా జిల్లానుండి ఏలూరు జిల్లాలో చేరినది. ఒకప్పుడు వరిచేలున్న చోట నేడు కనుచూపుమేర చేపల చెఱువులు, రొయ్యల చెఱువులు, వానిలో రేయింబవళ్ళు నీటిని చిమ్ముచు తిరుగు ఏరేటర్లు. రైతుల కార్యక్రమమునకై అక్కడివారి మాటలు రికార్డు చేసికొని రావలెనని ఇటీవల మేము పోయితిమి. రొయ్యల ధరను గూర్చి అడుగబోయిన మాకు ఒక యింట వేఱొక ప్రశ్న ఎదురైనది.

“మీరు రేడియోవాళ్లు గదండీ, మీకు తెలిసే ఉంటుంది. కేబుల్ తీసేయించి, ఇంటర్నెట్టులో వచ్చేవి పెట్టుకుంటే నిజంగా డబ్బులు మిగులుతాయా? మేం తీసేయించాం. మిగిలిందో లేదో నాకే తెలియట్లేదు.”

అడిగినది ఆ యింటి ఇల్లాలు. ఆమె చేతిలో ఒక నోటుపుస్తకము ఉన్నది. పాలవాని లెక్క, మేత కొట్టు బాకీ, ఫీజులు, అన్నియు అందులోనే.

ఆ యింటి స్థితి ఇది. యజమాని రెండెకరముల రొయ్యల చెఱువు కౌలుకు చేయుచున్నాడు. కుమారుడు భీమవరములో ఇంజనీరింగు చదువుచు రోజూ బస్సులో వచ్చిపోవుచున్నాడు. కుమార్తె ఇంటరు. యజమాని తల్లి ఉన్నారు, పిల్లలకు మామ్మ. 2025 ఆగస్టులో అమెరికా ప్రభుత్వము మన సరకులపై సుంకమును 50 శాతము వఱకు పెంచినప్పుడు, ఆ దెబ్బ మొదట తగిలినవారిలో మన తీరమునందలి రొయ్యల రైతులు ఉన్నారు. కొనుగోలుదారులు కౌంటు కౌంటునకు ధర తగ్గించిరి. మేత ధర మాత్రము తగ్గలేదు. కరెంటు బిల్లు తగ్గలేదు. పట్టుబడి కాగానే అప్పులు తీర్చి చూచుకొనగా చేతిలో మిగిలినది స్వల్పము. అప్పుడు ఇల్లాలు నోటుపుస్తకము ముందు పెట్టుకొని, ఏది మానుదుమా అని గీత గీయనారంభించినది. మొదటి గీత కేబులుపై పడినది. నెలకు మూడువందల రూపాయలు. “ఎలాగూ వైఫై ఉంది గదా, అందులోనే అన్నీ వస్తాయమ్మా” అని కుమారుడు చెప్పినాడు. మాట సబబుగనే తోచినది. ఆ నెలలోనే సెట్‌టాప్ బాక్సు విప్పి, గుడ్డ చుట్టి, అటకపై పెట్టిరి.

ఆ ప్రశ్నకు మేము అప్పటికప్పుడు సమాధానము చెప్పలేకపోయితిమి. లెక్క చూడవలెనంటిమి. ఆ లెక్క చూచుటకు ముందు, ఈ రెండు తీగలు మన యిండ్లలోనికి ఎట్లు వచ్చినవో కొంచెము తెలిసికొనుట మంచిది.

హైదరాబాదు దూరదర్శన్ కేంద్రము 1977లో మొదలైనది. చాల కాలము వఱకు టీవీ యనగా అదియొక్కటే. మిద్దెపైన ఏంటెన్నా, క్రింద పెట్టె, అంతియే. 1995లో జెమిని, ఈటీవీ వచ్చినవి. కేబులు వ్యాపారమునకు చట్టము వచ్చినదియు ఆ 1995లోనే. ఊరిలో చొరవ గల యువకుడొకడు తన మిద్దెపై పెద్ద డిష్షు పెట్టి, స్తంభమునుండి స్తంభమునకు, చెట్టునుండి చెట్టునకు నల్లని తీగ లాగి ఇంటింటికిని కనెక్షను ఇచ్చెడివాడు. నెల మొదటి వారములో రసీదు పుస్తకము పట్టుకొని సైకిలుపై వచ్చెడివాడు. ఏ ఛానలు ఎంత వెల యను ప్రశ్నయే ఉండెడిది కాదు. అందఱకును అన్నియు వచ్చెడివి, అందఱును ఒకే మొత్తము ఇచ్చెడివారు. దేశమంతట కేబులును డిజిటలు చేయు పని 2012లో మహానగరములతో మొదలై, 2017 నాటికి పల్లెలకు చేరినది. అప్పుడు ఇంటింటికిని సెట్‌టాప్ బాక్సు వచ్చినది. బాక్సు వచ్చిన తరువాత ఏ యింటికి ఏ ఛానలు ఇచ్చుచున్నారో లెక్క తేలుటకు వీలు కలిగినది.

ఆ వీలును ఆధారము చేసికొని ట్రాయ్ అను నియంత్రణ సంస్థ 2019 ఫిబ్రవరినుండి క్రొత్త ధరల విధానము అమలుచేసినది. దాని సారము ఇంతే. తీగకు ఒక అద్దె, ఛానళ్ళకు వేఱుగా వెల. తీగ అద్దె 130 రూపాయలకు మించరాదు. దానిపై 18 శాతము పన్ను చేరగా 153 రూపాయల 40 పైసలు. ఆ అద్దెకు మొదట 100 ఛానళ్ళు, 2020 మార్చినుండి 200 ఛానళ్ళు ఇయ్యవలెను. వెల గల ఛానలును ఎవరైనను విడిగా కోరుకొనవచ్చును. ప్యాకులో చేర్చదగిన ఛానలు ధర 2023 ఫిబ్రవరినుండి 19 రూపాయలకు మించరాదని నిర్ణయించిరి. 2024 జూలైలో తీగ అద్దెపై ఉన్న పరిమితిని తొలగించి, దానిని ఆపరేటర్లకే విడిచిరి. ఐనను ఛానళ్ళను విడిగా కోరు హక్కు ఇంటివారికి ఉన్నది. ఆ హక్కును వినియోగించుకొనువారు మాత్రము అరుదు. ఆపరేటరు ఇచ్చిన ప్యాకు ఏదో అదియే తీసికొని, అందులో సగము ఛానళ్ళ పేర్లైనను తెలియక, నెల నెలా చెల్లించుచున్నాము. కలిదిండి ఇల్లాలు చెల్లించిన మూడువందలలో రెండు క్రీడల ఛానళ్ళు, మూడు హిందీ ఛానళ్ళు, పిల్లల బొమ్మల ఛానలు ఒకటి ఉన్నవి. ఆ యింట పసిపిల్లలు లేరు. హిందీ వచ్చినవారును లేరు.

ఇక రెండవ తీగ. 2016 సెప్టెంబరులో జియో వచ్చిన తరువాత ఫోనులో డేటా వెల ఒక్కసారిగా పడిపోయినది. అంతవఱకు పొదుపుగా కొలుచుకొని వాడినవారు విచ్చలవిడిగా చూడనారంభించిరి. మన రాష్ట్రములో ఫైబర్‌నెట్టును 2017 డిసెంబరు 27న నాటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించిరి. భూమి త్రవ్వక, కరెంటు స్తంభములపైననే గాజుతీగ లాగి, ఇంటర్నెట్టు, టీవీ, టెలిఫోను మూడును ఒకే కనెక్షనులో నెలకు 149 రూపాయలతో మొదలిడిరి. నేడును ఆ ధరయే కలదని ఎవరును అనుకొనరాదు. కాని పల్లెటూరి యింటికి గాజుతీగ రాగలదను నమ్మకము అప్పుడే కలిగినది. ఆ పనిలో భాగస్వాములైనవారు పెక్కుమంది ఊళ్ళలోని కేబులు ఆపరేటర్లే. 2020లో పాఠశాలలు మూతపడి పాఠములు ఫోనులలో వచ్చినప్పుడు, మనము చెప్పుకొనుచున్న యింట కూడ వైఫై పెట్టె గోడకెక్కినది. ఆ యేడే తెలుగువారి కొఱకే యని ఆహా వచ్చినది. నెట్‌ఫ్లిక్స్, ప్రైమ్ వీడియో 2016లోనే మన దేశమునకు వచ్చియుండెను. హాట్‌స్టార్ అంతకు ఒక యేడు ముందే ఉన్నది. దేశములో వెల చెల్లించి డిష్షు పెట్టుకొన్న యిండ్లు 2021లో సుమారు ఏడు కోట్లు; 2025 నాటికి ఆ సంఖ్య ఆఱు కోట్లకు లోపునకు దిగినది. కనుక కలిదిండి ఇల్లాలి ఆలోచన ఆమె ఒక్కతెది కాదు.

ఇప్పుడు లెక్క. శ్రోతలు వీలైనచో కాగితము, కలము దగ్గఱ పెట్టుకొనగలరు. ఇండ్లు మూడు విధములుగా ఉండును.

మొదటి విధము, ఇంటర్నెట్టు లేని యిల్లు. ఫోనులు మాత్రమే ఉన్నవి. రోజుకు ఒకటిన్నర జీబీయో రెండు జీబీయో వచ్చు రీఛార్జి. సినిమా సామాన్యమైన నాణ్యతతో చూచినచో గంటకు సుమారు ఒక జీబీ ఖర్చగును. మేలైన నాణ్యతతో పెద్ద తెరపై చూచినచో మూడు జీబీల వఱకు పట్టును. సాయంకాలము ఆఱు గంటలనుండి పది గంటల వఱకు టీవీ మ్రోగు ఇంటికి, ఎంత పొదుపుగా చూచినను నాలుగు జీబీలు కావలెను. ఫోను డేటా రెండు గంటలకే ఆగిపోవును. ఇట్టి యిల్లు కేబులు మానినచో డబ్బు మిగులవచ్చును గాని, చూచుటకు ఏమియు మిగులదు.

రెండవ విధము, కేబులు మానుట కొఱకే క్రొత్తగా ఇంటర్నెట్టు పెట్టించుకొను ఇల్లు. నెలకు నాలుగువందలు, పన్నుతో 472 రూపాయలు అనుకొందము. ఏడాదికి 5,664 రూపాయలు. కేబులు మూడువందల చొప్పున ఏడాదికి 3,600. ఇంకను ఒక్క ఓటీటీయైనను కొనకముందే రెండువేలు పైబడి నష్టము. ఇది పొదుపు కాదు. ఇంటర్నెట్టు ఇతరమైన పనులకు కావలెనన్నచో అది వేఱు మాట. దానిని కేబులు లెక్కలో వ్రాయకూడదు.

మూడవ విధము, చదువుకో ఉద్యోగమునకో ఇంటర్నెట్టు ముందే ఉన్న యిల్లు. ఇచ్చట ఇంటర్నెట్టు ఖర్చు ఎటులైనను ఉండునది గనుక దానిని ప్రక్కన పెట్టవచ్చును. 2025లో ఉండిన ధరల ప్రకారము ప్రైమ్ ఏడాదికి 1,499. జియోహాట్‌స్టార్ టీవీలో చూచుటకు వీలైన మధ్య తరగతి పథకము ఏడాదికి 899. రెండును కలిపి 2,398. కేబులుకు పోవు 3,600లో ఇది తీసివేయగా 1,202 రూపాయలు మిగులు. ఇచ్చట పొదుపు నిజముగనే ఉన్నది. కలిదిండి ఇల్లు ఈ మూడవ విధములోనిదే.

ఐనను ఆమెకు మిగులు ఏల కనబడలేదు? నోటుపుస్తకమును మేము కలిసి చదివితిమి. ఇంటిలోని టీవీ పాతది, ఇంటర్నెట్టు తీసికొనదు. దానికి తగిలించు స్టిక్కునకు మూడువేల పైచిలుకు అయినది. రెండు ఓటీటీలతో మొదలిడిన కుమారుడు, చెల్లెలు అడిగినదని తెలుగు సినిమాలకు మరియొకటి చేర్చినాడు. నాల్గవది ఒక నెల ఉచితమనగా తీసికొన్నాడు. నెల తిరుగగానే దాని రుసుము బ్యాంకునుండి తనంత తానే పోయినది. మానుటకు మఱచినందున మూడు నెలలు పోయినది. రాత్రులు చెఱువు గట్టుపై కాపలా గుడిసెలో పడుకొను యజమాని ఫోనులో సినిమాలు చూచుచు డేటా అయిపోయినప్పుడెల్ల చిన్న చిన్న రీఛార్జీలు వేసికొన్నాడు. అవి పుస్తకములోనికే ఎక్కలేదు. అన్నియు కూడగా మూడువేల ఆఱువందలు ఎప్పుడో దాటినవి.

ఎర వేయనిదే చేప పడదని ఆ ప్రాంతము వారికి మనము చెప్పనక్కఱలేదు. 2023లో, 2024లో ఐపీఎల్ క్రికెట్టును ఫోనులో ఉచితముగా చూపిరి. 2025లో కొన్ని నిమిషములు చూపి, ఆపైన వెల చెల్లింపుమనిరి. ప్రైమ్ ఏడాది రుసుము 2021 డిసెంబరులో 999నుండి 1,499 అయినది. 2025 జూనునుండి వెల చెల్లించినవారికి కూడ నడుమ నడుమ ప్రకటనలు వచ్చుచున్నవి. 2024 జూలైలో ప్రైవేటు ఫోను కంపెనీలు రీఛార్జి ధరలను పెంచినవి. అన్నియు పెరుగుటయే కాదు. నెట్‌ఫ్లిక్స్ వారు 2021 డిసెంబరులో మన దేశములో ధరలు తగ్గించిరి. మేము చెప్పదలచినది ఇంతే. ఈ నెల ధరను పట్టుకొని పదేండ్ల లెక్క వేయరాదు. కేబులు మానునపుడు తీగ తెగును గాని, ధర పెరుగుట అను విషయము తెగదు.

ఇంతవఱకు రూపాయల లెక్క. నోటుపుస్తకములో లేని పద్దు మరియొకటి ఉన్నది. అది మాకు ఇల్లాలు చెప్పగా తెలిసినది. ఆమెకు ప్రక్కయింటివారు చెప్పగా తెలిసినదట.

మామ్మగారికి చదువు రాదు. కేబులు ఉన్న దినములలో రిమోటుపై ఏ మీట నొక్కిన తన ధారావాహిక వచ్చునో వ్రేళ్ళకు తెలుసు. ఏడున్నరకు దీపము పెట్టి కూర్చుండి, ఒకరిని అడుగకుండ తన ఛానలు తాను పెట్టుకొనెడిది. ఉదయమున భక్తి కార్యక్రమము, సాయంకాలము ధారావాహిక, ఇవి రెండే ఆమెకు కావలసినవి. స్టిక్కు వచ్చిన తరువాత తెర తెరవగానే బొమ్మలు వరుసలు వరుసలుగా వచ్చును. ఎవరు చూచుచున్నారని అడుగును. అక్షరములు నొక్కుమనును. మొదట నాలుగు దినములు మనుమని పిలిచినది. “ఒరే అబ్బాయ్, నాది పెట్టరా” అనినప్పుడెల్ల వాడు విసుగుకొనక పెట్టినాడు. కాని వాడు ఇంటికి చేరునది రాత్రి ఎనిమిదికి. తరువాత పిలుచుట తగ్గించినది. కొన్నాళ్ళకు ఆమె భోజనము కాగానే ప్రక్కయింటి అరుగుపైకి పోయి కూర్చుండుచున్నదని, వారి కిటికీలోనుండి టీవీ చూచుచున్నదని ఆ యింటి కోడలు చెప్పినది.

“అత్తయ్యగారు ఒక్క మాట అనలేదండీ. అడిగితే, ‘పోనీలే అమ్మా, అబ్బాయి నష్టాల్లో ఉన్నాడు, నాకు టీవీ ఏమిటి’ అన్నారు. అప్పులిచ్చినవాళ్లు ఇంటికొచ్చినప్పుడు కూడా నాకు అంత సిగ్గు వెయ్యలేదు” అని ఇల్లాలు చెప్పినది.

పొదుపు అను మాటకు ఇచ్చట అర్థము మారిపోవుచున్నది. ఐదుగురున్న యింట మూడువందలు తగ్గించినప్పుడు ఆ తగ్గింపు ఐదుగురిపైన సమముగా పడలేదు. కుమారునికి ఫోను ఉన్నది, కుమార్తెకు ఫోను ఉన్నది, యజమానికి గట్టుమీద ఫోను ఉన్నది. వారు చూచునది కేబులు పోకముందే ఫోనులోనికి పోయినది. కేబులు నిజముగా ఎవరిదో వారిదే పోయినది. నోరు తెఱచి అడుగనివారిది మొదట పోవుట మన యిండ్లలో అలవాటు.

ఆ ఊరి కేబులు ఆపరేటరును కూడ మేము కలిసితిమి. నలుబదియేండ్లు పైబడినవాడు. పెక్కు యిండ్లు కనెక్షను మానుకొన్నవని దాచక చెప్పినాడు. తానును ఇప్పుడు గాజుతీగ ఇచ్చుచున్నాడు గనుక పూర్తిగా చెడిపోలేదనినాడు. 2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుపాను నరసాపురము దగ్గఱ తీరము దాటిన తరువాత, కొమ్మలు పడి తెగిన తీగలన్నిటిని మరల కలుపుటకు ఎన్నో దినములు స్తంభములెక్కి దిగినాడట. “ఫోన్ కంపెనీవాళ్లకి ఫోన్ చేస్తే ఒకటి నొక్కండి, రెండు నొక్కండి అంటారండి. నాకైతే మామ్మగారు గుమ్మంలో నిలబడి కేకేస్తుంది” అని నవ్వినాడు. ఊరిలోని శివాలయములో కల్యాణము జరిగినను, బడిపిల్లలు నాటకము వేసినను ఆతని స్థానిక ఛానలులోనే ఊరివారు తమ్ము తాము చూచుకొనుచున్నారు. ఏ ఓటీటీలోను కలిదిండి కల్యాణము రాదు. ఐనను ఆతనిపై జాలితో ఎవరును నెలకు మూడువందలు చెల్లింపరు. చెల్లింపవలెనని మేమును చెప్పము. ఆతని పని విలువ ఎంతయో తెలిసికొని లెక్క వేయుట మాత్రము ధర్మము.

మేము రేడియోవారము గనుక మా సంగతి ఒక్కమాట చెప్పుకొనినచో శ్రోతలు తప్పుగా భావింపరు గదా. 2024 సెప్టెంబరు మొదట బుడమేరు పొంగి విజయవాడలో పెద్ద భాగము మునిగినది. ఆ నీరు చేరునది కొల్లేటికే. అట్టి దినములలో కరెంటు పోవును. కరెంటు పోయినచో టీవీయు, వైఫై పెట్టెయు రెండును మూగవోవును. ఫోనులో ఛార్జి ఎంత ఉన్నదో అంతవఱకే ఫోను. రెండు బ్యాటరీలతో పలుకు చిన్న రేడియో అప్పుడు గాని జ్ఞాపకము రాదు. దానికి నెల అద్దె లేదు. ప్రసారభారతి వారు కూడ 2024 నవంబరులో వేవ్స్ అను పేర తమ ఓటీటీ ప్రారంభించిరి. కావున మేము క్రొత్తదానికి విరోధులము కాము. కొంత వ్యయము ఒకమాఱు పెట్టి డిష్షు కొనినచో నెల రుసుము లేకుండ ఛానళ్ళు చూపు ప్రభుత్వపు ఫ్రీ డిష్ 2004నుండి ఉన్నది. దూరదర్శన్ చాలునను ఇంటికి, చెఱువు గట్టుపై కాపలా కుటుంబమునకు అది మేలు. మీకు కావలసిన తెలుగు ఛానలు అందులో వచ్చునో రాదో ముందుగా విచారించుకొని కొనవలెను.

ఇక ఇల్లాలి ప్రశ్నకు సమాధానము. ఆమెయు మేమును కూర్చుండి మరల లెక్క వేసితిమి. తీగ అద్దె పాత పరిమితి ప్రకారము 153 రూపాయల 40 పైసలు. ఆపరేటరు తాను ఇప్పటికిని అదే తీసికొనుచున్నానని చెప్పినాడు. దానిపైన వెల గల ఛానళ్ళు రెండు మాత్రము విడిగా కోరినచో, ఒక్కొక్కటి 19 రూపాయలు, పన్నుతో 22 రూపాయల 42 పైసలు. రెంటికి 44 రూపాయల 84 పైసలు. మొత్తము 198 రూపాయల 24 పైసలు. ఏడాదికి 2,379 రూపాయలు. మూడువందల ప్యాకుతో పోల్చినచో ఏడాదికి 1,221 రూపాయలు మిగులు.

శ్రోతలు గమనించియే యుందురు. కేబులు పూర్తిగా మాని రెండు ఓటీటీలు పెట్టుకొనినచో మిగులునది 1,202. కేబులు ఉంచుకొని, చూడని ఛానళ్ళు మానుకొనినచో మిగులునది 1,221. రెండు మార్గములును ఇంచుమించు ఒకే చోటికి చేరినవి. మొదటి మార్గమున ఫోను తెలిసినవారికి సుఖము; రెండవ మార్గమున మామ్మగారికి సుఖము. పై మిగులులోనుండి క్రికెట్టు పోటీల మూడు నెలలకు మాత్రము ఒక ఓటీటీ, 2025 ధర ప్రకారము 299 రూపాయలకు, తీసికొనినను ఇంకను తొమ్మిదివందల పైచిలుకు నిలుచును. సినిమాలకు ఒకేసారి నాలుగు ఉంచుకొనక, ఒక నెల ఒకటి, అది మాని మరియొకటి తీసికొనవచ్చును. బ్యాంకునుండి తనంత తాను పోవు ఆటోపే అను ఏర్పాటును తీసికొన్న నాడే తీసివేయవలెను. ఉచితమని ఇచ్చినదాని గడువు తేదీని గోడమీది క్యాలెండరులో గుర్తు పెట్టుకొనవలెను.

అన్నిటికంటె ముందు చేయవలసిన పని ఒకటి ఉన్నది. ఒక నెలపాటు ఇంటిలో ఎవరు ఏమి చూచుచున్నారో వ్రాసికొనుడు. చదువుకొన్న పిల్లలకు ఆ పని అప్పగింపుడు. నెల చివర ఆ కాగితము చూచినచో మీకే ఆశ్చర్యము కలుగును. వెల చెల్లించుచున్నవానిలో సగము ఎవరును చూడరు. ఎవరో ఒకరు మాత్రము ఒక్కదానిని విడువకుండ చూచుదురు. మొదటివానిని నిర్భయముగా కొట్టివేయుడు. రెండవదాని జోలికి పోవునపుడు ఆ చూచువారిని ఒక్కమాట అడుగుడు. అడిగినను వద్దనెడి స్వభావము గలవారైనచో, రెండుమాఱులు అడుగుడు.

మేము బయలుదేరు వేళకు అటకపైని బాక్సు క్రిందికి దిగినది. ఆపరేటరు వచ్చి తీగ బిగించుచుండగా మామ్మగారు గుమ్మములో నిలిచి, “ఎందుకురా ఇప్పుడు, ఖర్చు” అనుచునే కండ్లజోడు తుడుచుకొనుచున్నది. ఇల్లాలు నోటుపుస్తకము తెఱచి క్రొత్త పుటలో మొదటి పద్దు వ్రాసికొన్నది: అత్తయ్యగారి ఛానళ్ళు రెండు, నలుబదియైదు రూపాయలు.